మైకు ఎవరిది? ప్రశ్న ఎవరిది?

2024 జూలై మొదటివారంలో ఫిలడెల్ఫియా నగరంలోని ఒక రేడియో స్టేషన్లో జరిగిన సంగతి ఇది. స్టేషన్ పేరు డబ్ల్యు.యు.ఆర్.డి. కలిపి పలికితే 'వర్డ్', అంటే మాట. పేరుకు తగ్గట్టే అక్కడ పాటలకంటే మాటలే ఎక్కువ. పెన్సిల్వేనియా రాష్ట్రం మొత్తంమీద నల్లజాతివాళ్ళ సొంత టాక్ రేడియో అదొక్కటే. 2003లో వాల్టర్ లోమాక్స్ అనే నల్ల డాక్టరు దాన్ని కొన్నాడు. తరువాత ఆయన కూతురు సారా లోమాక్స్ నడుపుతూ వచ్చింది.

జూన్ 27న ట్రంప్‌తో జరిగిన టీవీ వాదంలో తడబడిన అప్పటి అధ్యక్షుడు బైడెన్‌కి అర్జెంటుగా ఒక ఆప్తుల ఇల్లు కావలసివచ్చింది. నల్లవాళ్ళ రేడియోకంటే ఆప్తులెవరు? ఆండ్రియా లాఫుల్ శాండర్స్ అనే ఆమె ఇంటర్వ్యూ చేసింది. నాలుగు ప్రశ్నలడిగింది, ఆయన జవాబులు చెప్పాడు. అంతా సాఫీగా జరిగిపోయింది. రెండు రోజుల తర్వాత ఒక టీవీ ఛానల్లో ఆమే చెప్పింది: ఎనిమిది ప్రశ్నలు బైడెన్ మనుషులే ముందుగా పంపారు, అందులోంచి నాలుగు నేను ఎంచుకున్నాను అని. మర్నాటికల్లా ఆమె, స్టేషన్ విడిపోయారు. ప్రశ్నలు ముందే తెచ్చుకోవడం తమ పద్ధతి కాదనీ, తాము జవాబు చెప్పుకోవలసింది శ్రోతలకనీ సారా లోమాక్స్ ప్రకటన ఇచ్చింది.

ఆ ప్రశ్నలు చెడ్డవా? కానే కావు. ఏ నల్ల ఓటరైనా అడగదగ్గవే. పంపినవాడు శత్రువా? కాదు, మిత్రుడు. స్టేషన్ ఓటర్లలో చాలామంది ఓటు వేసేది ఆ పార్టీకే. మరి పేచీ ఎక్కడ?

పేచీ అంతా అక్కడే ఉంది. మైకు మనదైతే చాలదు. మైకులోంచి వచ్చే ప్రశ్న ఎవరి కడుపులోంచి పుట్టిందన్నది అసలు సంగతి. అమెరికాలో నల్లవాళ్ళ టాక్ రేడియో చరిత్రను ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చదవవచ్చు. ముస్లింలుగా మనమూ, మన పక్కన నిలబడే సెక్యులర్ మిత్రులూ చదవాలనే ఈ నాలుగు మాటలు.

తెలుగువాళ్ళకి నల్లజాతి కొత్తది కాదు. సహవాసి చేతిలో తెలుగైన 'ఏడు తరాలు' చదివి ఏడవని పాఠకుడు లేడు. బానిస ఓడ తెలుసు, కొరడా తెలుసు, పత్తి చేలు తెలుసు. దళిత సాహిత్యానికీ, మన ముస్లిం కవిత్వానికీ నల్లకవులు అన్నలయ్యారు. ఇదంతా నిజమే. కానీ ఒకటి గమనించండి. నల్లవాళ్ళ బాధ తెలుగైంది, వాళ్ళ తగువులు తెలుగు కాలేదు. పొద్దున్నే లేచి వాళ్ళు ఫోన్ అందుకుని తమ మేయరుని, తమ పాస్టరుని, తమ పిల్లల బడిని, తమ వీధి చెత్తని, తమలో తమనే దులిపేసుకుంటారన్న సంగతి మనదాకా రాలేదు. పీడితుడంటే మనకు ఏడ్చేవాడు, లేదా పిడికిలెత్తేవాడు. పక్కింటివాడితో వాదించే పీడితుడు మనకు పనికిరాడు. 1992 డిసెంబర్ 6 తర్వాత తెలుగు సాహిత్యం మనకిచ్చిన కుర్చీ కూడా సరిగ్గా అదే. మా గాయం చూపిస్తే చప్పట్లు. మాలో మాకున్న తగువు విప్పితే, "ఇప్పుడు ఇవన్నీ అవసరమా?"

మొదట్లో నల్లవాళ్ళ గొంతు ఉంది గానీ మైకు లేదు. టెన్నెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో 1948లో డబ్ల్యు.డి.ఐ.ఎ. అనే స్టేషన్ మూతపడే స్థితికి వచ్చి, చివరి ప్రయత్నంగా నల్లవాళ్ళకోసం కార్యక్రమాలు మొదలుపెట్టింది. నాట్ విలియమ్స్ అనే బడిపంతులు మైకు ముందు కూర్చున్నాడు. ఏడాది తిరిగేసరికి స్టేషన్ కార్యక్రమాలన్నీ నల్లవాళ్ళవే. తప్పిపోయిన పిల్లల గురించీ, పోయిన వస్తువుల గురించీ ప్రకటనలు. 'బ్రౌన్ అమెరికా స్పీక్స్' పేరుతో నల్లవాళ్ళ సమస్యల మీద ఒక చర్చా కార్యక్రమం. 1954లో దాని శక్తి 50,000 వాట్లకు పెరిగింది. దక్షిణాది పత్తిచేలల్లోకి ఆ గొంతు పాకింది. అయితే యజమానులిద్దరూ తెల్లవాళ్ళే. వాళ్ళు దుర్మార్గులని చెప్పడం లేదు. వ్యాపారం బాగున్నంతవరకు గొంతుకు చోటిచ్చారు, ఎంత గొంతు అన్నది వాళ్ళే కొలిచారు.

1949లో అట్లాంటాలో జెస్సీ బ్లేటన్ అనే నల్ల అకౌంటెంటు 50,000 డాలర్లు పెట్టి డబ్ల్యు.ఇ.ఆర్.డి. కొన్నాడు. నల్లమనిషి సొంతం చేసుకున్న మొదటి రేడియో స్టేషన్ అమెరికాలో అదే. ఆబర్న్ అవెన్యూలోని ఆ భవనంలోనే తరువాత మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వంలోని సంస్థ ఆఫీసు పెట్టింది. కింగ్ ఏమైనా చెప్పాలనుకుంటే చీపురుకర్రతో పైకప్పు మీద తట్టేవాడనీ, పైన స్టేషన్‌వాళ్ళు కిటికీలోంచి మైకు కిందికి దించేవాళ్ళనీ ఒక ముచ్చట చెప్పుకుంటారు. ఎంత నిజమో గానీ, చీపురుకర్రతో తడితే దిగివచ్చే మైకు కోసం ఒక జాతి ఎంతగా మొహంవాచిందో ఆ ముచ్చటలో ఉంది.

చికాగో కథ ఇంకాస్త మెలికలది. 1963లో డబ్ల్యు.వి.ఓ.ఎన్. మొదలుపెట్టినవాళ్ళు పోలండ్ నుంచి వలసవచ్చిన యూదు అన్నదమ్ములు లియొనార్డ్ చెస్, ఫిల్ చెస్. నల్ల పాటగాళ్ళ రికార్డులు అమ్మి పైకొచ్చిన కంపెనీ వాళ్ళది. స్టేషన్‌కి 'వాయిస్ ఆఫ్ ద నీగ్రో' అని పేరు పెట్టారు. పగలు 1000 వాట్లు, రాత్రి 250 వాట్లు. ఆ గుడ్డిదీపమంత శక్తితోనే వెస్లీ సౌత్ అనే పాత్రికేయుడు 'హాట్‌లైన్' అనే ఫోన్ కార్యక్రమం నడిపాడు. పోలీసు దెబ్బ తిన్నవాడు ఫోన్ చేస్తాడు. అద్దెకు ఇల్లు దొరకనిది ఫోన్ చేస్తుంది. వింటున్న వేలమందిలో ఒకడు ఆ వీధివాడే అయివుంటాడు, వాడూ ఫోన్ చేస్తాడు. 1970ల చివరికొచ్చేసరికి అదే వెస్లీ సౌత్, పాటల కార్యక్రమాల పెర్విస్ స్పాన్‌తో కలిసి ఆ ఫ్రీక్వెన్సీకి యజమాని అయ్యాడు. 1986లో పాటలు మానేసి పూర్తిగా మాటల్లోకి దిగారు. పాటలన్నీ అప్పటికే నాణ్యమైన ఎఫ్.ఎం.కి పోయాయి. ఎ.ఎం. బ్యాండ్‌లో గరగరల మధ్య మిగిలింది మాట ఒక్కటే. లేమిలోంచి పుట్టిన మాట అది. 'నీగ్రో' పోయి 'నేషన్' వచ్చింది గానీ పొట్టి పేరు మాత్రం మారలేదు. అదే శ్రోతలు, అదే తగువులు. క్యాథరిన్ స్క్వైర్స్ 2000లో ఈ స్టేషన్‌నే తీసుకుని, తమ అవసరాలేమిటో తమ అస్తిత్వమేమిటో నల్ల శ్రోతలు రేడియోలో ఎలా నిర్వచించుకుంటున్నారో ఒక పరిశోధనా వ్యాసం రాసింది. నేననే 'తగువు'కి విద్వాంసుల భాషలో పెద్ద పేర్లున్నాయి. నాకు తగువే బాగుంది.

ఇక వాషింగ్టన్ సంగతి నిదానంగా చెప్పుకోవాలి. 1980లో క్యాథీ హ్యూస్ అనే నల్ల స్త్రీ భర్తతో కలిసి డబ్ల్యు.ఓ.ఎల్. కొన్నది. అప్పుకోసం తిరిగిన బ్యాంకులు ఒకటీ రెండూ కావు, ముప్పైకి పైగా కాదన్నాయి. చివరికి అప్పిచ్చిన బ్యాంకు అధికారి కూడా ఒక స్త్రీ, ప్యూర్టోరికన్. ఆ తరువాత భర్త వెళ్ళిపోయాడు, ఇల్లు పోయింది, కొడుకుని తీసుకుని స్టేషన్లోనే పడుకుంది. అప్పులవాళ్ళు మాటలు దండగ, పాటలు వేసుకో అన్నారు. కనీసం పొద్దుటిపూటైనా మాటలు ఉండనివ్వండని ఆమె బతిమాలుకుంది. మాట్లాడేవాళ్ళకి జీతమివ్వడానికి డబ్బుల్లేవు. తనే మైకు ముందు కూర్చుంది.

1986 సెప్టెంబరులో 'వాషింగ్టన్ పోస్ట్' పత్రిక తన ఆదివారం సంచికను కొత్త హంగులతో తెచ్చింది. మొదటి సంచిక ముఖచిత్ర కథనం హత్యానేరం మోపబడిన ఒక నల్ల ర్యాప్ గాయకుడి గురించి. లోపల రిచర్డ్ కోహెన్ అనే కాలమిస్టు, నగల దుకాణాలవాళ్ళు నల్ల కుర్రాళ్ళను చూసి తలుపు తీయకపోవడం అర్థం చేసుకోదగ్గదేనన్నాడు. ఆ నగర జనాభాలో మూడింట రెండొంతులు నల్లవాళ్ళు. అది వాళ్ళు డబ్బిచ్చి కొనుక్కునే పత్రిక. మొదటి సంచికతో వాళ్ళకు పంపిన కానుక ఇది.

పొద్దున్నే డబ్ల్యు.ఓ.ఎల్. ఫోన్లు మోగాయి. క్యాథీ హ్యూస్ ఆ ఫోన్లను ఊరేగింపుగా మార్చింది. ఆ సంచికలు తీసుకెళ్ళి పత్రిక ఆఫీసు మెట్లమీద పోయండి అన్నది. వారం వారం వేల ప్రతులు తిరిగివెళ్ళి మెట్ల మీద గుట్టలు పడ్డాయి. 13 వారాలు. వాటర్‌గేట్ కథనాలతో ఒక అధ్యక్షుణ్ణి గద్దె దింపిన పత్రిక, 1000 వాట్ల రేడియో ముందు తల వంచి క్షమాపణ చెప్పుకుంది. పత్రిక అధిపతి డొనాల్డ్ గ్రాహం ఆమె కార్యక్రమానికి వచ్చి మాట్లాడాడు.

ఇది గెలుపు కథగా చెప్పుకుని ఊరుకోవచ్చు. కానీ నాకు ఆసక్తి అక్కడ కాదు. ఆ పత్రిక రాసింది ఏమిటి? నల్ల కుర్రాడంటే నేరస్తుడు అని. దానికి నల్లవాళ్ళు పత్రికకు ఉత్తరాలు రాసి, "మాలో మంచివాళ్ళూ ఉన్నారు" అని రుజువులు చూపించుకోవచ్చు. మనం చేసేది అదే. ఎక్కడో బాంబు పేలితే ఇక్కడ మనం ఖండన ప్రకటన తయారుచేసుకుంటాం. స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల జాబితా చదువుతాం. అబుల్ కలాం ఆజాద్‌ని, అబ్దుల్ కలాంని ఒకరి తర్వాత ఒకర్ని సాక్షులుగా పిలుస్తాం. డబ్ల్యు.ఓ.ఎల్. శ్రోతలు ఆ పని చేయలేదు. వాళ్ళు పత్రికతో మాట్లాడలేదు, ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. మమ్మల్ని ఏమనుకుంటున్నారు అన్నది వాళ్ళ ప్రశ్న కాదు, మనం ఏం చేద్దాం అన్నది ప్రశ్న. జవాబు చెప్పుకోవలసినవాడు తనంతట తనే వచ్చాడు.

అలాగని ఆ గదిలో అంతా వెలుగేనా? 1990 జనవరిలో వాషింగ్టన్ మేయరు మారియన్ బారీ ఒక హోటల్ గదిలో కొకైన్ తాగుతూ పట్టుబడ్డాడు. ఇది నల్ల మేయరుని దించే పన్నాగమన్నవాళ్ళు నల్లవాళ్ళలో చాలామంది. పన్నాగం అనుకోవడానికి కారణాలు లేకపోలేదు, పోలీసులు వల పన్నింది నిజం. కానీ అదే కొకైన్‌తో ఆ వీధుల్లో పిల్లలు చస్తున్నారు. 'మనవాడు' అన్నమాట నోటికి అడ్డం పడితే, ఆ పిల్లల తల్లి ఎక్కడికి ఫోన్ చేయాలి? సొంత రేడియోకి ఉన్న పెద్ద పరీక్ష తెల్ల పత్రికను ఎదిరించడం కాదు, ఇది. 1994లో బారీ మళ్ళీ మేయరుగా గెలిచాడు.

ఇంటిగుట్టు లంకకు చేటు అంటారు. (మన సామెతలు కూడా ఎవరి కథలోంచి వచ్చాయో చూడండి.) రేడియోకి గోడలు లేవు. తమలో తాము మాట్లాడుకుంటున్నారన్నమాటే గానీ పక్క కారులో తెల్లవాడూ వింటున్నాడు. నల్ల స్త్రీ నల్ల మగాడి మీద ఫిర్యాదు చేస్తే, ఆ ఫిర్యాదు అరగంటలో తెల్లవాడి ఆయుధమవుతుందన్న భయం ఉంది. భయం నిజమైనదే. షాబానో కేసు దగ్గర్నుంచి 2019 తలాక్ చట్టం దాకా ముస్లిం స్త్రీ నోరు విప్పినప్పుడల్లా ఆమె మాటను ఎవరు ఎత్తుకుపోయారో మనకు తెలుసు. కానీ ఎత్తుకుపోతారన్న భయంతో నోరే నొక్కితే, ఆమెకు మిగిలేది ఎత్తుకుపోయేవాడి మైకు ఒక్కటే. నల్ల రేడియో ఈ చిక్కుముడి విప్పిందని అనను. మాట్లాడుతూనే ఉంది, అంతే.

1992 ఏప్రిల్ 29. లాస్ ఏంజెలెస్‌లో రోడ్నీ కింగ్ అనే నల్ల మనిషిని చావబాదిన పోలీసులను జ్యూరీ వదిలేసింది. నగరం అంటుకుంది. కె.జె.ఎల్.హెచ్. అనే ఎఫ్.ఎం. స్టేషన్ ఆ మంటల మధ్యే, క్రెన్‌షా వీధిలో ఉంది. గాయకుడు స్టీవీ వండర్ 1979లో కొన్న స్టేషన్ అది. పాటల స్టేషన్. ఆ సాయంత్రం పాటలు ఆపేసి ఫోన్లు తెరిచారు. రోజుల తరబడి జనం మాట్లాడారు. ఏడ్చారు, తిట్టారు, తగలబెట్టకండ్రా అని బతిమాలారు, ఎందుకు తగలబెట్టకూడదో చెప్పమని నిలదీశారు. హెలికాప్టర్లలోంచి మంటల్ని చూపించిన టీవీలు 'అల్లరిమూక' అన్న చోట, ఈ రేడియో మనుషుల గొంతులు వినిపించింది. ఆ పనికి ఆ ఏడాది పీబడీ పురస్కారం వచ్చింది.

అదే నగరంలో ఆ రాత్రి ఇంకో రేడియో ఉంది. రేడియో కొరియా. నల్లవాడల్లో చిన్న దుకాణాలు నడుపుకునే కొరియన్ వలసజీవులది. ఏడాది ముందు, 1991 మార్చిలో, కొరియన్ దుకాణదారు ఒకామె నారింజరసం సీసా దగ్గర తగువుపడి లతాషా హార్లిన్స్ అనే పదిహేనేళ్ళ నల్లపిల్లను వెనకనుంచి కాల్చి చంపింది. జడ్జి ఆమెను జైలుకు పంపలేదు. ఆ కోపం ఈ కోపం కలిశాయి. రెండువేలకు పైగా కొరియన్ దుకాణాలు లూటీ అయ్యాయి, కాలాయి. పోలీసులు అటు రాలేదు, తెల్ల పేటల్ని కాచుకున్నారు. దిక్కులేని దుకాణదారులు రేడియో కొరియాకి ఫోన్లు చేశారు. ఫలానా దుకాణం తగలబడుతోంది, రండి అని రేడియో పిలిచింది. ఆ పిలుపు విని కాపాడడానికి వెళ్ళిన పద్దెనిమిదేళ్ళ కొరియన్ కుర్రాడు, చీకట్లో దొంగ అనుకున్న తనవాళ్ళ తూటాకే చనిపోయాడు. 'సా-ఇ-గు' అనే డాక్యుమెంటరీలో ఆ తల్లి మాట్లాడుతుంది.

ఈ రెండు రేడియోల గురించి విడివిడిగా గర్వంగా రాసినవాళ్ళున్నారు. పక్కపక్కన పెట్టి చూస్తే గుండె చెరువవుతుంది. రెండూ సొంత మైకులే. రెండూ తమవాళ్ళ కన్నీళ్ళనే వినిపించాయి. రెండిటికీ దొరకని తెల్ల పోలీసు, తెల్ల జడ్జి ఎక్కడో క్షేమంగా ఉన్నారు. ఒక భాషవాళ్ళు రెండో రేడియో పెట్టుకున్నా అర్థం కాదు. ఒకడి మైకులో మాట్లాడుకునే 'మనం', రెండోవాడికి వినపడే 'వాళ్ళు' అవుతుందన్న సంగతిని అస్తిత్వ ఉద్యమాల్లో ఉన్న మనం దాటవేయకూడదు. న్యూయార్క్‌లో కూడా 1990లో నల్లవాళ్ళు కొరియన్ కిరాణా కొట్టు బహిష్కరించినప్పుడు, 1991లో క్రౌన్ హైట్స్‌లో యూదులతో గొడవ జరిగినప్పుడు, నల్ల రేడియో ఫోన్ లైన్లలో యూదుల గురించి, కొరియన్ల గురించి వినకూడని మాటలు వినపడ్డాయి. పీడితుడి నోటినుంచి వచ్చినంత మాత్రాన ద్వేషం వేరే పదార్థం కాదు. ఫోన్ లైను నడిపే మనిషికి ఆ మాటను కోసేయడమా, నిలబెట్టి ప్రశ్నించడమా అన్నది క్షణంలో తేల్చుకోవలసిన సంగతి. స్టేషన్ విలువ ఆ క్షణంలో తెలుస్తుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. లేకపోతే ఇదంతా గాల్లో కథ. 1971లో అమెరికాలో దాదాపు 7,500 రేడియో స్టేషన్లుంటే మైనారిటీల చేతిలో ఉన్నవి 10. తమ స్టేషన్‌ని మైనారిటీలకు అమ్మేవాళ్ళకు పన్ను సడలింపు ఇస్తామని 1978లో అక్కడి ప్రసారాల కమిషన్ విధానం చేసింది. అది కొంత పనిచేసింది. అయినా 1986లో మొత్తం రేడియో, టీవీ స్టేషన్లలో మైనారిటీలవి 2.1 శాతమే. ఈ కాస్త అయినా ఎందుకని 1995లో కాంగ్రెస్ ఆ సడలింపు ఎత్తేసింది. 1996లో ఒక కంపెనీ దేశంలో ఎన్ని రేడియోలైనా కొనవచ్చని చట్టం వచ్చింది. ఇక చిన్న చేపల సంగతి చెప్పాలా? ప్రకటనల లోకం మరీ ఘోరం. నల్ల శ్రోతల స్టేషన్‌లో ప్రకటన వద్దు అనే ఆదేశాలకు ఆ వ్యాపారంలో ఒక పేరే ఉంది. ప్రకటనలు అమ్మిపెట్టే ఒక పెద్ద ఏజెన్సీ 1998లో రాసుకున్న కాగితం బయటపడింది. కంపెనీలకు కావలసింది కొనుగోలుదార్లు గానీ అనుమానితులు కారని అందులో ఉంది. అంటే పన్నెండేళ్ళ కిందట వాషింగ్టన్ నగల కొట్టు వేసుకున్న తలుపే ఇది.

క్యాథీ హ్యూస్ ఏం చేసింది? చిన్న చేపగా చావడం ఇష్టంలేక పెద్ద చేప అయింది. 1999లో ఆమె కంపెనీ రేడియో వన్ షేర్ మార్కెట్‌కెక్కింది. అలా ఎక్కిన కంపెనీకి అధిపతి అయిన మొదటి నల్ల స్త్రీ ఆమె. 2000లో ఒక్క బేరంలో 12 స్టేషన్లు, 130 కోట్ల డాలర్లు. గొప్పే. కానీ షేర్‌హోల్డరుకి కావలసింది పొద్దుటిపూట మెట్లమీద పత్రికలు పోయించే ఆడమనిషి కాదు, మూడునెలలకోసారి లాభం. ఊరూరా పాటల స్టేషన్లు పెరిగినంతగా ఊరి మాటలు పెరగలేదు. కంపెనీ పేరు అర్బన్ వన్‌గా మారింది. తనకు రేడియోలున్న రిచ్‌మండ్ నగరంలో కాసినో కడతానని ముందుకొచ్చింది. 2021లో ఒకసారి, 2023లో ఇంకోసారి అక్కడి ఓటర్లే వద్దన్నారు. అటు చికాగో స్టేషన్ 2006లో 1690కి మారి 10,000 వాట్లు సంపాదించుకుంది, అయితే ఆ ఫ్రీక్వెన్సీ క్లియర్ ఛానల్ అనే మహా కంపెనీది, వీళ్ళు లీజుదార్లు.

ఇక సెక్యులర్ మిత్రులకు ప్రత్యేకంగా న్యూయార్క్ కథ. మాల్కం ఎక్స్‌కి వకీలుగా పనిచేసిన పెర్సీ సటన్ మరికొందరితో కలిసి 1971లో డబ్ల్యు.ఎల్.ఐ.బి. కొన్నాడు. దాని లైసెన్సు పగటిపూటకే. పొద్దుగూకితే నోరు మూసుకోవాలి, ఎందుకంటే అదే ఫ్రీక్వెన్సీలో వందల మైళ్ళ దూరాన ఇండియానా రాష్ట్రపు స్టేషన్ ఒకటి రాత్రంతా మోగేది. హార్లెం పనివాళ్ళు ఇళ్ళకు చేరే వేళకి వాళ్ళ రేడియో మూగబోయేది. ఏళ్ళ తరబడి ఇదే తంతు. చివరికి 1990లలో సటన్ కంపెనీ ఆ ఇండియానా స్టేషన్‌నే కొనేసి, దాని రాత్రి శక్తి తగ్గించి, తనకు రాత్రిని సంపాదించుకుంది! సూర్యుణ్ణి కొన్నంత పని. నల్లవాళ్ళూ, కరీబియన్ దీవులనుంచి వచ్చినవాళ్ళూ పగలూ రాత్రీ మాట్లాడుకున్నారు.

2004 మార్చి 31న ఆ మాటలు ఆగిపోయాయి. ఆపింది మితవాదులు కాదు. మితవాద రేడియోకి పోటీగా, బుష్‌ని ఎదిరించడానికి ఉదారవాదులు ఎయిర్ అమెరికా పెట్టుకున్నారు. ఉద్దేశం మంచిదే. వాళ్ళకు న్యూయార్క్‌లో ఒక ఫ్రీక్వెన్సీ కావాలి. డబ్ల్యు.ఎల్.ఐ.బి. లీజుకిచ్చింది. రోజూ ఫోన్ చేసి మాట్లాడే హార్లెం, బ్రూక్లిన్ శ్రోతల స్థానంలో దేశమంతటికీ ఒకే రకం ప్రగతిశీల ప్రసంగం వచ్చింది. యజమానులు నల్లవాళ్ళే, అద్దె తీసుకున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు నల్లవాళ్ళ పక్షానే ఉన్నారు. అయినా నల్లవాళ్ళ గది పోయింది. రెండేళ్ళకు ఎయిర్ అమెరికా ఇంకో స్టేషన్‌కి వెళ్ళిపోయింది, డబ్ల్యు.ఎల్.ఐ.బి. భక్తిగీతాలు మొదలుపెట్టింది. పాత మాటలు ఆ చోటికి తిరిగిరాలేదు.

మితవాదిని ఎదిరించే తొందరలో మిత్రుడు పీడితుడి గదిలో సామాను దించేయడం మనకు తెలియని అనుభవమా? ముస్లింల మీద ప్రత్యేక సంచిక తెస్తున్నామంటూ ఒక పత్రికవాళ్ళు నన్నడిగారు. అంశం వాళ్ళే పంపారు: మతసామరస్యంలో ముస్లింల పాత్ర. మంచి అంశం. ఫిలడెల్ఫియాకు వచ్చిన ఎనిమిది ప్రశ్నల్లాగే మంచిది. నేను రాయాలనుకున్నది మాత్రం 2007 నాటి 4 శాతం రిజర్వేషన్ జాబితాలో ఎవరున్నారు, ఎవరు లేరు, సయ్యదూ పఠానూ బయట ఉన్నందుకు ఎవరికి కోపమొచ్చింది, దూదేకులవాళ్ళని ముస్లింలుగా లెక్కవేయడానికి షరీఫుల నోరు ఎందుకు తడబడుతుంది, ఉర్దూ రాని ముస్లిం ఎంత ముస్లిం అన్నది. "అది మీ అంతర్గత విషయం కదండీ" అన్నారు. అవును, అంతర్గతమే. ఆ అంతరానికి ఒక గది కావాలనే అంటున్నాను.

రేడియో పెట్టుకుందామా అంటే ఈ దేశంలో గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ప్రైవేటు ఎఫ్.ఎం.లు సొంతంగా వార్తలు చెప్పకూడదు, కమ్యూనిటీ రేడియోలూ అంతే. 2008 అక్టోబరులో జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత స్త్రీలు సంగం రేడియో మొదలుపెట్టారు. విత్తనాల గురించి, పాటల గురించి, ఒంటి నొప్పుల గురించి తమ యాసలో మాట్లాడుకున్నారు. ఎమ్మెల్యేని గానీ, మొన్న ఊళ్ళో జరిగిన గొడవను గానీ గాల్లోకి పిలిచి నిలదీసే హక్కు ఆ లైసెన్సులో లేదు. మాట్లాడుకోండి, కానీ డబ్ల్యు.ఓ.ఎల్. మాట్లాడినట్టు మాట్లాడకండి అన్నమాట.

కాబట్టి మన మాటలు శుక్రవారం నమాజు తర్వాత మసీదు బయట, ఇరానీ హోటల్లో చాయ్ ముందు జరుగుతున్నాయి. రిజర్వేషన్ గురించి, వక్ఫ్ భూముల గురించి, ముతవల్లి లెక్కల గురించి, మన కుర్రాళ్ళ గురించి అక్కడ బాగానే మాట్లాడుకుంటాం. గొంతు చించుకుంటాం కూడా. ఆ గుంపులో ఆడవాళ్ళు ఎవరూ ఉండరు. వాషింగ్టన్‌లో జీతమివ్వలేక పొద్దున్నే మైకు ముందు కూర్చున్నది, ఇల్లు పోగొట్టుకుని కొడుకుతో ఆఫీసులో పడుకున్న ఆడమనిషి.